ఒకే పురుగు, రెండు వాదాలు: ఇద్దరు పరిశోధకుల ప్రేమ మీద ఒక కేస్ స్టడీ

గుంటూరు బ్రాడీపేటలో దంపతులకూ, పెళ్లి ఆలోచనలో ఉన్న జంటలకూ కౌన్సెలింగ్ చేస్తుంటాను. నా దగ్గరికొచ్చే గొడవలు చాలావరకు డబ్బు, అత్తగారిల్లు, ఫోను, తాగుడు చుట్టూ తిరుగుతాయి. ఈ జంట గొడవ మాత్రం మిర్చి పూతలో దాక్కునే ఓ పురుగు దగ్గర మొదలైంది. ఇద్దరూ కీటక శాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు, ముప్పై దాటారు. ఆమె ఉద్యోగం గుంటూరు వైపు, అతనిది విజయవాడ వైపు. ఇద్దరూ పనిచేసేది ఒకే పంట మీద, ఒకే పురుగు మీద. వాదాలు మాత్రం ఎదురెదురు.

ఇద్దరూ రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాక, ఈ వ్యాసం చదివి సరేనన్నాక ఇది బయటపెడుతున్నాను. సంస్థలు, పదవులు చెప్పను. గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు కొన్ని మార్చాను. పంటనీ పురుగునీ మార్చలేదు. అవి మారిస్తే చెప్పడానికేం మిగలదు.

ఒకే రంగంలో పోటీపడే ఇద్దరు ప్రేమించుకుంటే ఇంట్లోవాళ్లూ, గైడ్లూ, ఒక్కోసారి కౌన్సెలర్లూ ఇచ్చే సలహా ఒకటే: ఇద్దరిలో ఒకరు దారి మార్చుకోండి. ఆ ఒకరు దాదాపు ఎప్పుడూ అమ్మాయే అవుతుంది. నా దృష్టిలో ఇది చెడ్డ సలహా. ఎందుకు చెడ్డదో ఈ కేసు చూపిస్తుందన్న నమ్మకంతోనే రాస్తున్నాను.

వాదం ఏమిటంటే

2021లో మిర్చి వేసిన ఏ రైతునడిగినా నల్ల తామర పురుగు సంగతి చెబుతాడు. శాస్త్రీయ నామం థ్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగు మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద నమోదైంది. అప్పటిదాకా మన రైతుకు తెలిసిన తామర పురుగు ఆకుల్ని పైకి ముడిచేది. ఇది నేరుగా పూలలో చేరింది. పూత నిలవలేదు, కాయ పట్టలేదు. ఎకరానికి లక్షలు పెట్టిన తోటల్ని పీకేసిన వాళ్లున్నారు.

ఆమె వాదం ఇది. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి, రోజుల తేడాతో మళ్లీ మళ్లీ కొట్టడంతో మిత్ర పురుగులు నశించాయి, శత్రువు లేని తోటలో నల్ల తామర విజృంభించింది. అంటే ఉధృతిలో మన చేతులారా చేసుకున్న భాగం పెద్దదే. అతని వాదం వేరు. కొత్త నేలకొచ్చిన పురుగుకు ఇక్కడ సరిపడా సహజ శత్రువులు ముందునుంచీ లేవు, వాతావరణం కూడా దానికే కలిసొచ్చింది, రైతు కొట్టినా కొట్టకపోయినా ఆ ఏడాది నష్టం తప్పేది కాదు. బయటివాడికి ఈ రెండూ పక్కపక్కన నిలబడగల మాటల్లాగే కనిపిస్తాయి. ప్రాజెక్టు నిధులు, పేపర్లు, ప్రమోషన్లు వాటి మీదే ఆధారపడినప్పుడు మాత్రం మధ్యలో నిలబడడానికి చోటుండదు.

ఓ సదస్సులో ఆమె ప్రసంగం ముగిశాక అతను లేచి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: మందు కొట్టిన మడికీ కొట్టని మడికీ మధ్య దూరమెంత? గాలికి మందు పక్క మడి మీద పడితే పోలికే చెల్లదు. హాల్లో ఆమె దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే పొలం లేఅవుట్ మొత్తం అతనికి మెయిల్ చేసింది. "నా ప్రశ్నకి కోపం తెచ్చుకోకుండా లేఅవుట్ పంపిన మొదటి మనిషి ఈమె" అని అతను నాతో అన్నాడు. "నా స్లైడ్లు చివరిదాకా చూసిన మొదటి మనిషి" అని ఆమె. ఆదివారాలు ఇద్దరికీ సగం దూరమని మంగళగిరిలో కలుసుకునేవాళ్లు. పానకాలస్వామి కొండ మెట్లెక్కుతూ కూడా సాంపిల్ సైజు గురించి వాదించుకునేవాళ్లమని చెబుతున్నప్పుడు ఇద్దరి ముఖాలూ ఒకేసారి వెలిగాయి. నా నోట్సులో ఆ రోజు దీన్నే మొదట రాసుకున్నాను. వీళ్లకు వాదన జబ్బు కాదు. వీళ్ల ప్రేమ పుట్టింది అందులోనే.

ఎక్కడ తెగింది

అతని పేరుతో ఓ చిన్న పేపరు వచ్చింది. పురుగుల్ని లెక్కించేటప్పుడు మొక్క మీద పూలనే కాక, కింద రాలిన పూలనూ లెక్కలోకి తీసుకోవాలన్నది అందులో అసలు విషయం. ఆ ఆలోచన బస్సులో తానే చెప్పానని ఆమె అంటుంది. అంతకుముందే తన నోటుబుక్కులో ఉందని అతనంటాడు. పేపర్లో ఆమె పేరు లేదు, కృతజ్ఞతల్లో కూడా లేదు. ఆమె గొడవ పెట్టుకోలేదు, ఫోన్లు ఎత్తడం మానేసింది. అదే సమయంలో అతని ఇంకో వ్యాసాన్ని సమీక్షించమని ఓ పత్రిక ఆమెనే అడిగింది. వాళ్ల సంబంధం ఎవరికీ తెలియదు. ఆమె కారణం చెప్పకుండా తిరస్కరించింది. ఆ సంగతి తర్వాత తెలిసి, తన పనికి విలువివ్వలేదనుకుని అతను కుంగిపోయాడు. ఇలాంటి చోట బంధుత్వం, ప్రేమ, వైరం ఏదున్నా ఎడిటర్‌కు చెప్పి తప్పుకోవడమే పద్ధతి. చెబితే అతనికీ అర్థమయ్యేది. కానీ చెప్పాలంటే ప్రేమ సంగతి బయటపెట్టాలి.

నా దగ్గరికి తీసుకొచ్చింది ఆమె స్నేహితురాలు. జంటగా కూర్చోబెట్టే ముందు ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడటం నా పద్ధతి. భయం, బెదిరింపు, కొట్టడం లాంటివి ఉంటే జంట కౌన్సెలింగ్ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఇక్కడ అవి లేవు. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9, ఆందోళనను కొలిచే గ్యాడ్-7 ప్రశ్నావళులు ఇచ్చాను. ఆమెలో ఆందోళన ఓ మోస్తరుగా కనిపించింది, నిద్ర సరిగ్గా లేదు. మందులు అవసరమైన స్థితి ఇద్దరిలోనూ లేదు.

ఉమ్మడి సెషన్ మొదటి అరగంటలో నేను గమనించింది గొంతు. కోపమొస్తే అతను ఆమెను "మేడమ్" అనేవాడు, ఆమె అతన్ని "సర్" అనేది. "మేడమ్‌కి పొలం అంటే ఫోటోల్లోనే తెలుసు." "సర్‌కి లెక్కల కన్నా సెంటిమెంటు ముఖ్యం." జంటల మీద దశాబ్దాల పాటు పరిశోధించిన జాన్ గాట్‌మన్ బంధాన్ని తినేసే నాలుగు అలవాట్లు చెప్పాడు: విమర్శ, తిరస్కార భావం, ఆత్మరక్షణ, మౌనపు గోడ. వీటిలో తిరస్కార భావమే అన్నిటికన్నా ప్రమాదకరమన్నాడు. ఇక్కడ రెండు ఒకేచోట కనిపించాయి. ఎదుటివాడి పనిని తీసిపారేసే మాట అతని నోటా ఆమె నోటా వచ్చింది, దాని వెనకే ఆమె మౌనం.

ఈ కేసు అర్థం చేసుకోవడానికి నాకు ఎక్కువ సాయపడింది మాత్రం మనస్తత్వ శాస్త్రవేత్త అబ్రహాం టెస్సర్ 1980ల్లో చెప్పిన సిద్ధాంతం. మనకు దగ్గరి మనిషి గెలిస్తే మామూలుగా మనకూ గర్వమే. కానీ ఆ గెలుపు మనం ప్రాణంగా భావించే రంగంలోనే అయితే, ఎంత దగ్గరివాళ్లయితే అంత నొప్పి. నొప్పి తట్టుకోలేక మనిషి మూడు దారుల్లో ఒకటి పడతాడు: ఆ రంగం నాకు ముఖ్యం కాదనుకోవడం, ఆ మనిషికి దూరం కావడం, ఆ గెలుపును తక్కువ చేయడం. మొదటి దారి ఇద్దరికీ మూసుకుపోయింది, అది వాళ్ల జీవితం. మిగిలిన రెండింటిలోనూ ఇద్దరూ ఒక్కో కాలు వేసి నిలబడ్డారు. ఇది చెప్పినప్పుడు ఆమె, "అంటే అసూయ కాదా మేడమ్?" అని అడిగింది. అసూయే, కాని దగ్గరితనం లేనిదే రాని అసూయ అన్నాను. తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు, నేనూ తొందరపెట్టలేదు.

అడుగున ఉన్నవి

అతని తండ్రి కౌలు రైతు. నల్ల తామర వచ్చిన ఏడాది వేసింది మిర్చే. పంట పోయింది, కౌలు కట్టాల్సి వచ్చింది, అప్పు మిగిలింది. ఆ ఏడాది సెలవులకు ఇంటికి వెళ్లి తండ్రితో కలిసి మందు కొట్టింది ఇతనే. ఆమె స్లైడు మీద "విచక్షణ లేని పిచికారీ" అన్న మాట కనిపించినప్పుడల్లా అతనికి వినిపించింది ఒకటే: నీ తోటను మీ నాన్నే చంపుకున్నాడు, నువ్వు సాయం పట్టావు. ఇన్నాళ్ల ప్రేమలో ఇది ఆమెకు చెప్పలేదు. విజయవాడలో పెరిగిన అమ్మాయికి అప్పుల సంగతి చెప్పుకోవడం నామోషీ అనుకున్నాడు. వాదం మాత్రం ఏటికేడు బిగించుకుంటూ వచ్చాడు.

మనస్తత్వ పనిలో ఉన్నవాళ్లు ఇక్కడ ఆగాలని నా కోరిక. ఒక పరిశోధకుడి నిలువెత్తు వాదం వెనక ఓ కుటుంబపు గాయం ఉందని తెలియగానే, ఆ వాదమంతా గాయమే అనేయడం సులువు. అది అన్యాయం. అతని డేటా అతని డేటానే, దాన్ని తోటి శాస్త్రవేత్తలు తూచాలి. నా పని ఆ డేటాను పట్టుకున్న చేయి ఎందుకు వణుకుతోందో చూడటం వరకే.

ఆమె కథ వేరు, చెప్పడానికి పొట్టి. పీహెచ్‌డీ రోజుల్లో ఆమె చేసిన పని మీద వేరొకరి పేరు ముందు పడింది. అడిగితే "ఇంకా చిన్నదానివి, పేర్లదేముంది" అన్నారు. స్త్రీల పరిశోధన మగ సహోద్యోగుల ఖాతాలో పడే ధోరణికి శాస్త్ర చరిత్రకారిణి మార్గరెట్ రాసిటర్ 1993లో మటిల్డా ప్రభావమని పేరు పెట్టారు. ఆమె ఆ వ్యాసం ఏనాడో చదివింది. చదివి ఉండటం నొప్పిని తగ్గించదు. రాలిన పూల పేపరు చూసిన క్షణాన ఆమె చూసింది అతన్ని ఒక్కణ్నే కాదు.

చేసిన పని

ముందు ఆ పేపరు. ఇద్దరినీ విడివిడిగా కాలక్రమం రాసుకురమ్మన్నాను: ఏ రోజు ఎక్కడ ఏం మాట్లాడుకున్నారు, ఏ మెయిల్ ఎప్పుడు, నోటుబుక్కులో ఏ పేజీ. రెండూ పక్కపక్కన పెడితే కలవలేదు. ఆ ఆలోచన మొదట ఎవరికొచ్చిందో ఇప్పటికీ తేలలేదు, తేలదు కూడా. కానీ ఒక సంగతి తేలింది. ఇద్దరూ నిజాయితీగానే గుర్తుచేసుకుంటున్నారని ఇద్దరికీ నమ్మకం కుదిరింది. శాస్త్రంలో ముందెవరు అన్న తగాదాలు నిజాయితీపరుల మధ్య కూడా పుడతాయని, కొత్తదనానికి పెద్దపీట వేసే వ్యవస్థే వాటిని పుట్టిస్తుందని సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1957లోనే రాశాడు. ఆ మాట అతని కన్నా ఆమెకు ఎక్కువ ఊరటనిచ్చింది.

రెండోవాళ్లు కావడం ఓటమి కాదన్న సంగతి కూడా మాట్లాడుకున్నాం. ప్లాస్ బయాలజీ పత్రిక 2018లో ఓ విధానం తెచ్చింది: ఒకరి పేపరు వచ్చిన ఆరు నెలల లోపు అదే ఫలితంతో వేరొకరు పంపితే, కొత్తదనం లేదని తిప్పి పంపరు, స్వతంత్ర ధ్రువీకరణగా చూస్తారు. ఆమె తన లెక్కలతో విడిగా వ్యాసం రాసింది, అతని పేపరును ఉటంకించింది. అతను తర్వాతి వ్యాసంలో, ఈ విషయం మీద ఆమెతో జరిగిన చర్చలకు కృతజ్ఞతలు రాశాడు. అతను నోటిమాటగా క్షమాపణ చెప్పాడా లేదా అని నన్నడగకండి, అది వాళ్లిద్దరి మధ్య విషయం.

ఆ తర్వాత ఓ అలవాటు పెట్టుకున్నారు. పని గురించిన కొత్త ఆలోచన ఏదైనా ఎదుటివాళ్లకు చెప్పితే, ఆ రాత్రి పడుకునేలోపు చెప్పినవాళ్లు దాన్ని ఒక వాక్యంలో మెయిల్ చేయాలి. అంతే. నమ్మకం ఉన్నచోట రాతకోతలేమిటని ఆమె తల్లి బాధపడింది. నేను ఒప్పుకోను. ప్రాణంలా ఉండే అన్నదమ్ములు కూడా పొలాల మధ్య గట్టు ఉంచుకుంటారు. పైగా వీళ్లిద్దరికీ తేదీ వేసి రాయడం రోజువారీ వృత్తి మర్యాద. ఇద్దరూ కలిసి రాసే పేపరు ఏదైనా ఉంటే, ఎవరు ఏం చేశారో పరిశోధనలో ఎవరి వంతు ఏమిటో చెప్పే పద్నాలుగు పాత్రల క్రెడిట్ పట్టిక ప్రకారం పని మొదలుకాకముందే రాసుకోవాలన్నది కూడా అప్పుడే అనుకున్నారు.

తమ సంబంధాన్ని ఇద్దరూ తమ తమ పై అధికారులకు చెప్పారు. ఒకరి వ్యాసం, ఒకరి ప్రాజెక్టు ఇంకొకరు సమీక్షించకూడదన్నది అప్పటి నుంచి దాచుకోవాల్సిన ఇబ్బంది కాకుండా పోయింది. ఇది నేను సూచించిన వాటిలో వాళ్లకు అన్నిటికన్నా కష్టమైనది. చెప్పిన వారానికే ఆమె నిద్ర మెరుగుపడింది.

మంచి వార్తల విషయం చిన్నదే గాని చెప్పాలి. ఒకరి పేపరు అంగీకారమైందని చెబితే ఇంకొకరి నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఏ జర్నల్? నాస్ రేటింగ్ ఎంత?" అని. నాస్ రేటింగ్ అంటే జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ పరిశోధన పత్రికలకిచ్చే మార్కు. శుభవార్తకు దగ్గరివాళ్లు ఎలా స్పందిస్తారన్నది బంధం బలాన్ని చెబుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త షెల్లీ గేబుల్ బృందం 2004లో చూపించింది. రేటింగ్ అడగడానికి ముందు "అందులో నీకు బాగా నచ్చిన ఫలితం ఏది?" అని అడగమన్నాను. కృత్రిమంగా ఉందని మొదట నవ్వారు. తర్వాత ఆ ప్రశ్న అడగకపోతే అలిగే దాకా వచ్చారు.

ఎదురెదురుగా కూర్చుని చేసిన ప్రయోగం

"క్యూరీ దంపతుల్లా ఉండండి" అని వీళ్లకు చాలామంది చెప్పారట. మేరీ, పియరీ క్యూరీలు ఒకే ప్రశ్న మీద ఒకే వైపు నిలబడి పనిచేశారు. 1903 నోబెల్ విషయంలో మేరీని పక్కనపెట్టకూడదని పియరీ పట్టుబట్టిన తీరు గొప్పదే. కానీ ఎదురెదురు వాదాలున్న జంటకు ఆ ఉదాహరణ పనికిరాదు. నేను వాళ్లకు చెప్పిన ఉదాహరణ దంపతులది కాదు.

గ్యారీ లేథమ్, మిరియం ఎరెజ్ ఇద్దరూ మనస్తత్వ శాస్త్రవేత్తలు. పనిలో లక్ష్యాన్ని మనిషికి నిర్ణయించి ఇస్తే చాలా, లేక నిర్ణయంలో అతనికీ భాగం ఉండాలా అన్నది వాళ్ల తగాదా. లేథమ్ ప్రయోగాల్లో తేడా కనిపించేది కాదు, ఎరెజ్ ప్రయోగాల్లో స్పష్టంగా కనిపించేది. ఇద్దరికీ స్నేహితుడైన ఎడ్విన్ లాక్‌ను మధ్యవర్తిగా పెట్టుకుని ఇద్దరూ కలిసి ప్రయోగాలు రూపొందించారు, 1988లో కలిసే ప్రచురించారు. తేడాకు మూలం ఎక్కడ దొరికిందంటే, లక్ష్యాన్ని ఇచ్చే తీరులో. ఒకరి ప్రయోగాల్లో లక్ష్యం ఎందుకో వివరించి, నచ్చజెప్పి ఇచ్చేవారు. ఇంకొకరి ప్రయోగాల్లో కారణం చెప్పకుండా పొడిగా ఇంత చేయమనేవారు. ఇద్దరి డేటా సరైనదే. మాట చెప్పిన తీరు వేరు.

ఇది విని అతను కుర్చీలో ముందుకు జరిగాడు. ఆమె పెన్ను తీసింది. వాళ్లు శాస్త్రవేత్తలు, వాళ్లను కదిలించేది శాస్త్రమే. ఇద్దరూ గౌరవించే ఓ సీనియర్‌ను మధ్యవర్తిగా ఒప్పించి, తర్వాతి పంటకు ఉమ్మడి ప్రయోగం వేశారు: రైతు అలవాటు ప్రకారం కొట్టే మడులు, నీలి రంగు జిగురు అట్టల మీద పురుగు లెక్క చూసి అవసరమైతేనే కొట్టే మడులు, అసలు కొట్టని మడులు. మడుల మధ్య దూరం ఆమె నిర్ణయించింది, అతను కొలిచి సంతకం పెట్టాడు. ఏం జరుగుతుందో ఇద్దరూ ముందే రాసి, కవర్లు అంటించి మధ్యవర్తికి ఇచ్చారు. ఒక పంటకాలం లెక్కలతో ఏ వాదమూ గెలవదని ఇద్దరికీ తెలుసు, అందుకే ఇంకా ప్రచురించలేదు. నాకు కావాల్సిన ఫలితం వేరు. ఆ నెలల్లో "మేడమ్", "సర్" వినిపించలేదు. వాదనలు తగ్గలేదు, బహుశా పెరిగాయి.

కోతల సమయంలో అతను ఆమెను ఊరికి తీసుకెళ్లాడు. నా సూచన కాదది, అతని నిర్ణయమే. కల్లంలో తాలు కాయలు ఏరుతూ తండ్రి అన్నదాన్ని ఆమె నాకు చెప్పింది: "మందు మీద మందు కొట్టామమ్మా, కాదనను. కానీ మందులు అప్పిచ్చేదీ, ఏ మందు కొట్టాలో చెప్పేదీ కొట్టు ఆయనే. కొట్టనంటే మళ్లీ అప్పెవడిస్తాడు?" కొడుకు ఏళ్ల తరబడి కాపలా కాసిన మాటను తండ్రి ఒక్క ఊపిరిలో ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, ఆమె స్లైడ్లలో ఎక్కడా లేని కారణం చెప్పాడు. ఇంటికొచ్చాక ఆమె తన ప్రశ్నావళిలో అప్పు ఎవరిది, సలహా ఎవరిది అన్న రెండు కొత్త ప్రశ్నలు చేర్చింది. ఆ రాత్రి అలవాటు ప్రకారం ఒక వాక్యం మెయిల్ చేసింది, ఈ ఆలోచన నీ తండ్రిది అని.

ఇప్పుడు

పెళ్లికి రెండు ఇళ్లూ ఒప్పుకున్నాయి. ఆమె తల్లికి మాత్రం భయం పోలేదు, ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే కుర్చీకి పోటీపడితే ఏమవుతుందని. ఆ భయం అర్థంలేనిది కాదు. ఇద్దరికీ అర్హత ఉన్న ఒకే పోస్టుకు నోటిఫికేషన్ పడింది. ఆమెను విరమించుకోమని బంధువులు అప్పుడే చెప్పడం మొదలెట్టారు. ఇద్దరూ దరఖాస్తు చేయాలని, ఒకరి కోసం ఇంకొకరు తప్పుకోకూడదని కాగితం మీద రాయమన్నది అతను. ఇంటర్వ్యూ ప్రెజెంటేషన్లు ఒకరికొకరు చూపించుకోరాదన్నది ఆమె షరతు. రెండూ రాసుకున్నారు.

ఇంటర్వ్యూ ఇంకా జరగలేదు. జరిగిన వారంలోనే వచ్చి కూర్చుంటామని, ఫలితం ఎటొచ్చినా ముందు పోస్టు రానివాళ్లతో నన్ను విడిగా మాట్లాడమని వాళ్లే అడిగారు.